మీటింగ్‌లో ఏం తేలాలో ముందే రాసుకోండి: అజెండా స్లైడ్ తయారుచేసే పద్ధతి

రొయ్యల రైతుల సమావేశం కానివ్వండి, పొగాకు రైతులు బ్యాంకు మేనేజరు ముందు పెట్టుకునే విన్నపం కానివ్వండి, కాలేజీలో ప్రాజెక్టు సెమినార్ కానివ్వండి, ప్రొజెక్టర్ ఉందంటే రెండో స్లైడ్ అజెండానే అయి ఉంటుంది. దాని మీద ‘స్వాగతం, అధ్యక్షుల వారి పలుకులు, చర్చ, వందన సమర్పణ’ అని రాసి ఉంటుంది. పది సెకన్లు చూపించి ముందుకు వెళ్లిపోతారు. మళ్లీ సభ ముగిసేదాకా దాన్ని ఎవరూ చూడరు. అలాంటి స్లైడ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రైతు సంఘాలకు స్లైడ్లు చేసిపెట్టే పనిలో ఉన్నాను. అజెండా స్లైడ్ సరిగా రాసుకున్న సభ రెండు గంటల్లో నాలుగు నిర్ణయాలు చేసి లేస్తుంది. రాసుకోని సభ అదే రెండు గంటలూ మాట్లాడుతుంది, చివరికి ‘మళ్లీ కూర్చుందాం’ అని లేస్తుంది. పొలం పని, చెరువు పని మానుకుని, బండికి పెట్రోలు పోసుకుని వచ్చిన మనిషి ఉత్త చేతులతో ఇంటికి పోకూడదన్నదే నా తాపత్రయం. అందుకే ఈ ఒక్క స్లైడ్ గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు కాగితం మీద

కంప్యూటర్ తెరవకండి. ఒక తెల్లకాగితం తీసుకుని, సభ అయ్యాక జనం ఏం తేల్చుకుని బయటికి రావాలో రాయండి. ‘సీడ్’ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) అని రాస్తే అది శీర్షిక, దాని మీద ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ‘సీడ్ ఏ వారంలో వేద్దాం?’ అని రాస్తే అది ప్రశ్న, జవాబు వచ్చేదాకా అది వదలదు. ప్రతి అంశాన్నీ ప్రశ్నగా మార్చండి. ప్రశ్నగా మారనని మొరాయించే అంశం ఏదైనా ఉంటే, దాన్ని సభలో పెట్టాల్సిన పని లేదని అర్థం. అది సమాచారం మాత్రమే. వాట్సాప్ గ్రూపులో ముందురోజే పెట్టేయండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందుకూరుపేట వైపు తీరంలో ఒకే కాలువ మీద ఆధారపడిన వనామీ రకం రొయ్యల రైతులు వేసవి పంటకు ముందు కూర్చుంటున్నారనుకోండి. వాళ్లకు నేనైతే ఇలా రాసిస్తాను:

1. పోయినసారి అనుకున్నవి ఎంతవరకు అయ్యాయి? — 10.30 నుంచి 10.40
2. జబ్బొచ్చిన చెరువు నీళ్లు కాలువలోకి రాకుండా ఏం నియమం పెట్టుకుందాం? — 10.40 నుంచి 11.20
3. సీడ్ ఏ వారంలో వేద్దాం? — 11.20 నుంచి 11.45
4. సీడ్‌కు పీసీఆర్ పరీక్ష (వైరస్ ఉందేమో చూసేది) ఎవరు చేయించాలి, ఖర్చు ఎలా పంచుకోవాలి? — 11.45 నుంచి 12.05
5. ట్రాన్స్‌ఫార్మర్ లోడు పెంచమని దరఖాస్తు ఎవరు పెడతారు? — 12.05 నుంచి 12.20
6. మిగతావి — 12.20 నుంచి 12.30

ఈ వరుస వెనక లెక్క ఉంది. పదిన్నరకు రమ్మంటే సగం మంది పది నలభైకి కాస్త ముందు వస్తారు. కాబట్టి మొదటి అంశం చిన్నదిగా, లేటుగా వచ్చినవాళ్లకు నష్టం లేనిదిగా ఉండాలి. అన్నిటికంటే గట్టిగా వాదన జరిగేది కాలువ నీళ్ల దగ్గరే. రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ నీళ్లతో పాటు పోతుంది. పైన ఒకరి చెరువు పోయి, ఆ నీళ్లను శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే కిందున్నవాళ్లు అవే నీళ్లు తోడుకుంటారు. పోయిన పంటలో దెబ్బతిన్నవాళ్లు, ‘నీళ్లు వదిలింది నువ్వే’ అనిపించుకున్నవాళ్లు ఒకే గదిలో కూర్చుని ఉంటారు. ఇది మొదట్లో పెడితే సగం మంది లేకుండానే గొడవ మొదలవుతుంది, వచ్చినవాళ్లు వచ్చినట్టు మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటారు. చివర్లో పెడితే ఆకలి వేళ అవుతుంది, తొందరలో ‘సరే సరే’ అనేసి వెళ్లిపోతారు, ఆ సరేకు విలువ ఉండదు. అందుకే రెండో చోట పెట్టి, అన్నిటికంటే ఎక్కువగా నలభై నిమిషాలు ఇచ్చాను. సీడ్ తేదీ దాని తర్వాతే రావాలి. నీళ్ల నియమం కుదిరితేనే పక్కపక్క చెరువులవాళ్లు ఒకే వారంలో సీడ్ వేయడానికి ఒప్పుకుంటారు. తలా ఒక నెలలో వేస్తే ఒకరి చెరువులో జబ్బు తగ్గేలోపు ఇంకొకరి చెరువులో లేత రొయ్య ఉంటుంది, జబ్బు ఆ కాలువను వదిలి పోదు. పీసీఆర్ పరీక్ష ఎప్పుడన్నది సీడ్ వేసే తేదీని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగోది.

ఇలా ఒక అంశం తేలితేగాని రెండోది తేలదు అన్న సంబంధం పట్టుకుంటే వరుస తనంతట తనే కుదురుతుంది. ఎవరి అంశం ముందు పెట్టాలి, ఎవరికి కోపం వస్తుంది అన్న లెక్కతో పేర్చిన అజెండా ఎప్పుడూ దెబ్బతింటుంది.

ఆరుకు మించి అంశాలు పెట్టకండి. ఏడో అంశం తగిలిందంటే ఇంకో సభ కావాలన్నమాట.

నోటీసుకూ స్లైడుకూ తేడా ఉండకూడదు

మీది నలుగురు కలిసి కూర్చునే సంఘమైతే ఈ భాగం వదిలేయొచ్చు. రైతు ప్రొడ్యూసర్ కంపెనీగా (రైతులే సభ్యులుగా ఉండే కంపెనీ) రిజిస్టర్ అయి ఉంటే మాత్రం వదలకండి. కంపెనీల చట్టం 2013లో ప్రొడ్యూసర్ కంపెనీల అధ్యాయం ప్రకారం సర్వసభ్య సమావేశానికి కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. వార్షిక సమావేశమైతే దానితో పాటు అజెండా, పోయిన సమావేశం మినిట్స్ (అప్పుడు జరిగినదాని రాత), ఆడిట్ అయిన లెక్కలు కూడా వెళ్లాలి. కంపెనీ నియమావళిలో అంతకంటే ఎక్కువ అడగకపోతే మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు హాజరైతే కోరం, అంటే సభ చెల్లడానికి కావాల్సిన హాజరు, ఉన్నట్టు.

కాబట్టి నోటీసులో పంపిన అజెండానే స్లైడ్ మీదికి రావాలి, అదే నంబర్లతో రావాలి. నోటీసులో మూడోదిగా ఉన్నది తెర మీద ఐదోదిగా కనపడితే కాగితం చేతిలో పట్టుకుని వచ్చిన సభ్యుడికి అనుమానం వస్తుంది. అడగాల్సిన అనుమానమే అది. నోటీసులో లేని తీర్మానాన్ని స్లైడ్ మీద కొత్తగా పుట్టించకండి. మాటలు మాత్రం సులువు చేయొచ్చు. నోటీసులో ‘2024–25 ఆర్థిక సంవత్సరపు ఆదాయ వ్యయాల పట్టిక ఆమోదం’ అని ఉంటే, స్లైడ్ మీద దాని కింద చిన్న అక్షరాల్లో ‘పోయిన ఏడాది ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఒప్పుకుంటున్నామా?’ అని రాయండి. సభ్యులు ఎక్కువమంది చదివేది ఆ చిన్న అక్షరాలనే.

కోరం సంగతి కూడా మొదటి అంశానికి ముందే అజెండా స్లైడ్ అడుగున ఒక వరుసలో వేయండి: మొత్తం సభ్యులు ఇంతమంది, కోరానికి కావాల్సింది ఇంతమంది, హాజరైనవాళ్లు ఇంతమంది. చివరి అంకె ఖాళీగా ఉంచి అక్కడికక్కడే నింపండి.

ఇప్పుడు స్లైడ్ చేద్దాం

పవర్‌పాయింట్‌లో కొత్త స్లైడ్ తీసుకుని మూడు నిలువు వరుసల టేబుల్ పెట్టండి. మొదటి వరుసలో నంబరు, రెండో దాంట్లో ప్రశ్న, మూడో దాంట్లో సమయం. నంబరు పెద్దగా వేయండి. సభలో జనం ‘ఆ నాలుగోదాని గురించి’ అనే మాట్లాడతారు, వెనక కుర్చీలో ఉన్నవాళ్లకు కూడా అది కనపడాలి.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త. ‘ట్రాన్స్‌ఫార్మర్’ అన్న ఒక్క మాటే సగం వరుస తినేస్తుంది. కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ స్పేసింగ్ మామూలుగా ఉంచితే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. కనీసం 1.2 పెట్టండి. అక్షరం సైజు 28 కంటే తగ్గించకండి. పట్టకపోతే మాటలు తగ్గించండి. నిర్మలా, గౌతమి, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లే వాడండి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేయించిన పాత ఫైళ్ల నుంచి కాపీ చేస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. సభ జరిగే హాల్లో కంప్యూటర్ మీది కాదు కదా. అందుకే ఫైల్ మెనూ, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ టిక్ పెట్టి సేవ్ చేయండి. దానితో పాటు ఒక పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

తర్వాతి పనే అసలు పని. అజెండా స్లైడ్‌ని ఒక్కసారి చూపించి వదిలేయకుండా, ప్రతి అంశం మొదలయ్యే ముందు మళ్లీ తెర మీదికి రప్పించాలి. ఎడమ పక్క చిన్న బొమ్మల్లో అజెండా స్లైడ్ మీద నొక్కి కంట్రోల్, డి కొడితే దాని నకలు వస్తుంది. అంశాలు ఎన్ని ఉంటే అన్ని నకళ్లు తీయండి. రెండో నకలులో రెండో అంశం ముదురు రంగులో ఉంచి మిగతావన్నీ లేత బూడిద రంగు చేయండి. మూడో నకలులో మూడోది ముదురుగా, ఇలా. అయిపోయిన అంశాల పక్కన టిక్ గుర్తు పెట్టండి. ఆ నకళ్లను ఏ అంశం స్లైడ్లకు ముందు ఆ అంశం నకలు వచ్చేలా జరపండి. లేటుగా వచ్చినవాళ్లు పక్కవాణ్ణి గోకి ‘ఏందబ్బా, ఎంతదాకా వచ్చింది?’ అని అడగాల్సిన పని ఉండదు.

అజెండా నుంచి నేరుగా అంశానికి దూకడానికి లింకులు కూడా పెట్టుకోవచ్చు. టేబుల్‌లోని అక్షరాలకు లింకు పెడితే రంగు మారిపోయి, కింద గీత వచ్చి స్లైడ్ పాడవుతుంది. దాని బదులు ప్రశ్న మీద ఖాళీ డబ్బా ఒకటి గీసి, రంగు పూర్తిగా పారదర్శకం చేసి, చుట్టూ గీత తీసేసి, కంట్రోల్, కె కొట్టి ‘ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్’లో కావాల్సిన స్లైడ్ ఎంచుకోండి. డబ్బా కనపడదు, నొక్కితే మాత్రం పనిచేస్తుంది. పవర్‌పాయింట్ 2019 గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంటే ఇన్సర్ట్ మెనూలో జూమ్ కింద ‘సమ్మరీ జూమ్’ ఉంటుంది. అది అంశాలను చిన్న బొమ్మలుగా పేర్చి, ఒక భాగం అయిపోగానే తనే వెనక్కి తీసుకొస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ చిన్న బొమ్మల్లో తెలుగు అక్షరాలు చదవడానికి రావు. రైతుల సభకు నేను టేబులే వాడతాను.

ఇవేవీ కుదరకపోతే ఒక్క చిట్కా చాలు. స్లైడ్ షో నడుస్తుండగా స్లైడ్ నంబరు టైపు చేసి ఎంటర్ కొడితే ఆ స్లైడ్‌కు వెళ్తుంది. అజెండా రెండో స్లైడ్ అయితే 2 కొట్టి ఎంటర్. అంశాల స్లైడ్ నంబర్లు చిన్న చీటీ మీద రాసి లాప్‌టాప్ పక్కన పెట్టుకోండి.

సభ నడిపేటప్పుడు

ఇరవై ఐదు నిమిషాలు లేటుగా మొదలైందనుకోండి. అన్ని అంశాల్లోనూ తలా నాలుగు నిమిషాలు కోయకండి. అలా కోస్తే ఏదీ సరిగా తేలదు. కాలువ నీళ్ల నలభై నిమిషాలు ముట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ దరఖాస్తు సంగతి ఇద్దరికి అప్పగించి తీసేయండి, ‘మిగతావి’ తీసేయండి. అప్పుడే, అందరి ముందే, స్లైడ్‌లో టైములు మార్చండి. దానికి ఒక్క నిమిషం పడుతుంది. తెర మీద తప్పు టైము ఉంటే ఆ స్లైడ్‌ని ఇక ఎవరూ లెక్కచేయరు.

వాదన ముదిరినప్పుడు ఈ స్లైడ్ విలువ తెలుస్తుంది. కాలువ నీళ్ల మీద మాట్లాడుతుండగా వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, ‘ముందు కరెంటు సంగతి చెప్పండి, ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగి, పోయిన పంటలో రాత్రికి రాత్రి చెరువు పోయింది నాది’ అంటారు. ఆయన బాధ నిజం, కూర్చోమని గదమాయించకూడదు. అజెండా స్లైడ్ వేయండి. ‘పెద్దాయనా, మీరు చెప్పేది ఐదోదాంట్లో ఉంది, చూడండి, పన్నెండూ ఐదుకు. అది మొదలుపెట్టగానే ముందు మీతోనే మాట్లాడిస్తాం’ అనండి. ఆయన మాటకు చోటు ఉందని ఆయనకు కళ్లకు కనపడుతోంది, కూర్చుంటారు. మాట మాత్రం తప్పకండి. పన్నెండూ ఐదుకు మైకు ఆయన చేతికే ఇవ్వండి.

అజెండాలో లేనిది ఎవరైనా ఎత్తితే? కౌంటు ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే రేటు) పడిపోయాయి, వ్యాపారులు చెప్పిన రేటు వేరు ఇచ్చిన రేటు వేరు అన్న మాట రాని రొయ్య రైతుల సభ ఉండదు. గోడకు ఒక చార్టు అంటించి ఉంచండి, దాని మీద స్కెచ్ పెన్‌తో పెద్దగా రాయండి. ‘మిగతావి’ దగ్గరికి వచ్చాక ఆ చార్టు చదివి ఒక్కోదానికీ ఇప్పుడా, వచ్చే సభలోనా అని తేల్చండి. స్లైడ్ షో నడుస్తుండగా తెర మీద టైపు చేయడం కుదరదు, ఆపి టైపు చేస్తే జనం చూపు తప్పులు దిద్దడం మీదికి పోతుంది. కాగితమే మేలు.

చర్చ నడిచేటప్పుడు తెర మీద ఏ స్లైడ్ ఉండాలి అని చాలామంది అడుగుతారు. లెక్కలు చూసి మాట్లాడాల్సి ఉంటే లెక్కల స్లైడ్. లేకపోతే బి అక్షరం నొక్కి తెర నల్లగా చేసేయండి, మనుషులు ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడుకుంటారు. మళ్లీ బి నొక్కితే స్లైడ్ వస్తుంది.

టైము చూసే పని అధ్యక్షుడికి పెట్టకండి. అందరూ గౌరవించే ఒకరికి, వీలైతే అప్పటి అంశంలో పట్టుదల లేనివారికి అప్పగించండి. ఐదు నిమిషాలు ఉందనగా చెయ్యి ఎత్తితే చాలు.

కరెంటు పోవడం మామూలే. అజెండా స్లైడ్‌ని ఏ3 కాగితం మీద ప్రింటు తీయించి ద్వారం పక్కన ఒకటి, వేదిక పక్కన ఒకటి అంటించండి. ప్రొజెక్టర్ ఆగినా సభ ఆగదు.

బయటివాళ్ల ముందు మాట్లాడేటప్పుడు

ఇదంతా మనలో మనం కూర్చునే సభకు. బ్యాంకు వాళ్ల ముందో అధికారుల ముందో మాట్లాడేటప్పుడు ప్రశ్న తిరగబడుతుంది. వాళ్లేం తేల్చాలో అదే అజెండా కావాలి. టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులు పంట రుణం పెంచమని అడగడానికి వెళ్తున్నారనుకుందాం. ‘మా సంఘ పరిచయం, పొగాకు సాగు చరిత్ర, సమస్యలు’ అని వేస్తే మేనేజరు గడియారం చూసుకుంటారు. ‘ఎకరాకు ఎంత ఖర్చవుతోంది? మేం ఎంత అడుగుతున్నాం? వేలంలో అమ్మిన డబ్బు నుంచి ఎలా తీరుస్తాం?’ అని మూడే మూడు వేయండి. రెండో నిమిషంలోనే వాళ్లకు తెలియాల్సింది తెలిసిపోతుంది. మొదటిదానికి బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది) కట్టెల నుంచి కూలీ దాకా లెక్క, మూడోదానికి పోయిన ఏళ్ల వేలం బిల్లులు. ఆ రెండూ చూపించగలిగితే చరిత్ర అక్కర్లేదు.

పది నిమిషాల సెమినార్‌కు అజెండా స్లైడ్ అసలు వద్దంటాను. కావలి, ఒంగోలు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు అలవాటుగా ‘ఇంట్రడక్షన్, మెథడాలజీ, రిజల్ట్స్, కన్‌క్లూజన్’ అని వేస్తారు. ప్రపంచంలో ఏ ప్రాజెక్టుకైనా అదే సరిపోతుంది కాబట్టి మీ ప్రాజెక్టు గురించి అది ఏమీ చెప్పదు. పది నిమిషాల్లో అర నిమిషం దానికి పోతుంది. దాని బదులు నోటితో ఒక్క మాట చెప్పండి: ‘చెరువులో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏరియేటర్ తనంతట తనే ఆన్ అయ్యే పరికరం చేశాం. మొదట అది ఎలా పనిచేస్తుందో, తర్వాత ఎక్కడ ఆగిపోతోందో చూపిస్తాను.’ ఇరవై నిమిషాలు దాటితేనే స్లైడ్ పెట్టండి. గైడ్ తప్పనిసరిగా పెట్టమంటే పెట్టండి, శీర్షికల చోట మీ ప్రశ్నలు రాసి పెట్టండి.

సభ అయ్యాక

అజెండా స్లైడ్‌ని ఇంకోసారి నకలు తీయండి. సమయం ఉన్న మూడో వరుసలో సమయం తీసేసి, ‘ఏం తేలింది, ఎవరు, ఎప్పటికి’ అని నింపండి. రెండో అంశం ఎదురుగా ‘జబ్బొచ్చిన చెరువు నీళ్లు బ్లీచింగ్ వేసి నిలవ ఉంచాకే వదలాలి, వదిలే ముందురోజు గ్రూపులో చెప్పాలి’ అని, ఐదో అంశం ఎదురుగా దరఖాస్తు పెట్టే ఇద్దరి పేర్లు, తేదీ. తేలని అంశానికి ‘తేలలేదు’ అనే రాయండి, అందంగా చుట్టి రాయకండి. జనం కుర్చీల్లోంచి లేవకముందే ఆ స్లైడ్ తెర మీద వేసి గట్టిగా చదవండి. ‘నేనలా అనలేదే’ అని ఎవరైనా అంటే అక్కడే దిద్దండి. తర్వాత స్లైడ్‌ని బొమ్మగా సేవ్ చేసి ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టండి, రాని సభ్యులకు విడిగా పంపండి. వచ్చే సభ అజెండాలో మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోంచే తీసుకుంటారు కాబట్టి ఫైల్ పేరులో తేదీ పెట్టి, సంఘం మెయిల్‌లో ఒక కాపీ, కార్యదర్శి దగ్గర ఒక కాపీ ఉంచండి.